ఒక్క మెతుకుతో తేలని లెక్క: చెన్నై తీరంలో వృక్షప్లవకాలను కొలవడం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెంతా కెలకనక్కర్లేదు, ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలంటారు. వంటింట్లో ఈ మాటకు తిరుగులేదు. మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. చెన్నై ముందున్న బంగాళాఖాతంలో ఒక సీసా ముంచి, అందులోని వృక్షప్లవకాలను లెక్కపెట్టి, ఆ లెక్కను సముద్రం మొత్తానికీ అంటగట్టబోతే మాత్రం ఈ సూత్రం పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలుసుకోవడమే ఈ కొలతల శాస్త్రంలో సగం చదువు.

2019 ఆగస్టు 18, ఆదివారం రాత్రి బెసంట్ నగర్ నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు వైపు తీరం పొడవునా అలలు విరిగిన చోటల్లా నీలంగా మెరిశాయి. నాక్టిల్యూకా సింటిలాన్స్ అనే ప్లవకమే ఆ మెరుపుకు కారణమని మర్నాటి వార్తలు చెప్పాయి. 2024 అక్టోబరులో అదే తీరం మళ్లీ మెరిసింది. రెండుసార్లూ జనం ఫోన్లు పట్టుకుని పరుగెత్తారు, రెండుసార్లూ వీడియోలు తెల్లవారేలోపు ఊరంతా తిరిగాయి. అందంగా ఉందా, ప్రమాదమా అనే రెండు ప్రశ్నలూ అందరూ అడిగారు. మూడో ప్రశ్న ఒకటుంది: ఎంత? లీటరు నీటిలో ఎన్ని కణాలు? 2019 కంటే 2024లో ఎక్కువా, తక్కువా? ఈ ప్రశ్నకు వీడియో జవాబు చెప్పలేదు. కెమెరా మంచిదైతే మెరుపు పెద్దదిగా కనిపిస్తుంది, అంతే.

వృక్షప్లవకాలంటే నీరు ఎటు తీసుకుపోతే అటు పోతూ, సూర్యకాంతితో తమ తిండి తామే వండుకునే సూక్ష్మజీవులు. భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి వాటా. కాసిమేడు రేవులో దిగే ప్రతి చేపా తన ఒంటిలోని కర్బనపు లెక్కను వెనక్కి తవ్వుకుంటూ పోతే చివరికి వీటి దగ్గరే ఆగుతుంది. పరిమాణంలో మాత్రం ఇవన్నీ ఒక కులం కావు. చిన్నవి ఒక మైక్రానుకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు అటూ ఇటూ ఉంటాయి. నాక్టిల్యూకా అర మిల్లీమీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించీ పెరుగుతుంది. అర మిల్లీమీటరు కణం ఒక్కటి, ఒక మైక్రాను కణాలు పన్నెండున్నర కోట్లకు సమానమైన చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి 'లీటరుకు ఇన్ని కణాలు' అనే మాట దగ్గరే తగాదా మొదలవుతుంది. ఏనుగునూ చీమనూ చెరొక తలగా లెక్కించే జనాభా లెక్క అది. పైగా నాక్టిల్యూకా అసలైన వృక్షప్లవకం కూడా కాదు. గాజుపెంకున్న వృక్షప్లవకాలైన డయాటమ్‌లనూ ఇతర కణాలనూ మింగి బతుకుతుంది. దానిలోనే ఒక రకం తన ఒంట్లో ఆకుపచ్చని శైవలకణాలను పెంచుకుని వాటి సంపాదన మీద కూడా ఆధారపడుతుంది. ఆల్గే జాబితాల్లో దాన్ని చేర్చడం ఒక పాత మర్యాద.

ఇక నమూనా ఎక్కడ తీయాలి, ఎప్పుడు తీయాలి? పుస్తకాల్లో ఈ విషయానికి ఒక పేజీ ఇస్తారు. నిజానికి తప్పులన్నీ ఇక్కడే పుడతాయి.

ప్లవకాలు నీటిలో ఉప్పులా సమంగా కలిసి ఉండవు, గుంపులు గుంపులుగా, చారలు చారలుగా ఉంటాయి. ఎండాకాలంలో తూర్పు తీరంలో ట్రైకోడెస్మియమ్ అనే నీలి ఆకుపచ్చ బాక్టీరియా పుట్టినప్పుడు ఈ సంగతి కంటికే కనిపిస్తుంది. రంపపు పొట్టు చల్లినట్టు గోధుమరంగు చారలు గాలివాలుకు వరసగా సాగుతాయి. 2007 మార్చిలో చెన్నైకి దక్షిణాన కల్పాక్కం దగ్గర ఇలాంటి విజృంభణే, అంటే ప్లవకాలు ఒక్కసారిగా విపరీతంగా పెరగడం, నమోదైంది. చారలో సీసా ముంచితే ఒక లెక్క, చారకు పది మీటర్ల పక్కన ముంచితే ఇంకో లెక్క. రెండూ అబద్ధం కావు, ఏ ఒక్కటీ సముద్రం కాదు.

చెన్నై తీరానికి ఇంకా కొన్ని చిక్కులున్నాయి. కూవం, అడయారు, ఉత్తరాన కొసస్తలైయారు నగరపు మురుగునూ అందులోని నత్రజని, భాస్వరం లవణాలనూ మోసుకొచ్చి సముద్రంలో కలుస్తాయి. మొగల దగ్గర ఇసుక మేటలు వేసి, వానలకు తెగుతుంటాయి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తీసినప్పుడు, అడయారు మొగకు ఎదురుగా తీసిన నమూనా సగం నదిది. పోటు సమయంలో అదే చోట తీసింది సముద్రానిది. గంటల తేడాలో ఒకే చోట రెండు వేర్వేరు నీళ్లు నిలబడతాయన్నమాట. నమూనా సీసా మీద ఆటుపోట్ల వేళ రాయకపోతే ఆ సీసాలో ఉన్నది ఏ నీరో తర్వాత ఎవరూ తేల్చలేరు.

వీటికి తోడు తీరం వెంబడి ప్రవాహం ఏటా దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు తీర ప్రవాహం ఉత్తరానికి పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరిగి, గంగ, బ్రహ్మపుత్రలతో పాటు గోదావరి, కృష్ణ వదిలిన తక్కువ ఉప్పు నీటిని చెన్నై ముందు నుంచి మోసుకుపోతుంది. కృష్ణ నీరు చెన్నైకి రెండు దారుల్లో వస్తుందని దీన్ని బట్టి చెప్పుకోవచ్చు. తెలుగుగంగ కాలువలో వచ్చేది కుళాయికి, సముద్రంలో వచ్చేది ప్లవకాలకు. ఈశాన్య రుతుపవనాల్లో లెక్క పెరిగిందంటే అది ఊళ్లో కురిసిన వాన వల్లనా, పై నుంచి వచ్చిన నీటి వల్లనా అన్నది కణాల సంఖ్య ఒక్కటే చెప్పదు. ఉప్పుదనమూ ఉష్ణోగ్రతా లవణాలూ అదే సీసాతో పాటు కొలిచి ఉండాలి.

పైగా ఇవి ఆగి ఉండే జీవులు కావు. అనుకూలిస్తే రోజుకొకసారి రెట్టింపు అవుతాయి. వారానికి నూట ఇరవై ఎనిమిది రెట్లు. నెలకొకసారి పడవ వేసుకుని వెళ్లేవారు రెండు ప్రయాణాల మధ్య ఒక విజృంభణ పుట్టి, పెరిగి, చచ్చి అడుగున పడటం చూడకుండానే పోవచ్చు. అందుకే తీరప్రాంతపు కార్యక్రమాల్లో ఒడ్డుకు అడ్డంగా బయటికి ఒక గీత గీసుకుని, దాని మీద కొన్ని స్థిరమైన కేంద్రాలు ఎంచుకుని, ప్రతి కేంద్రంలో పైనీరు, మధ్యనీరు, అడుగునీరు తీస్తారు. వీలైతే పక్షానికొకసారి, అదే వేళకు. అంత దూరం, అంత తరచు వెళ్లడానికి ఖర్చుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. అద్దెకు పడవ దొరకని రోజులుంటాయి. తుపాను రోజులుంటాయి. వరసలో ఖాళీలు పడేది సరిగ్గా సముద్రంలో ఏదో జరుగుతున్నప్పుడే.

నీటిలోంచి ప్లవకాలను పట్టడానికి మొదట పుట్టిన సాధనం వల. వాటిని పరిమాణాత్మకంగా కొలవాలని పట్టుబట్టినవాడు జర్మనీలోని కీల్ నగరపు శరీరధర్మ శాస్త్రవేత్త విక్టర్ హెన్సన్. 1887లో ప్లాంక్టన్ అనే మాట పెట్టినవాడూ ఆయనే. 1889లో 'నేషనల్' అనే ఓడ మీద అట్లాంటిక్ చుట్టి, పట్టు వలను నిలువునా దింపి లాగుతూ లెక్కలు తీశాడు. ప్లవకాలు విశాల సముద్రంలో దాదాపు సమంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి కొద్ది నమూనాలు చాలన్నది ఆయన నమ్మకం. అంటే అన్నం మెతుకు సూత్రమే. మరుసటి ఏడు జర్మన్ జంతుశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ హెకెల్ దాని మీద విరుచుకుపడ్డాడు, ప్లవకాలు పరుచుకున్న తీరు సమంగా లేదని. ఆ విషయంలో హెకెల్‌దే పైచేయి. అయినా సముద్రాన్ని వర్ణించడం మాని లెక్కపెట్టాలన్న హెన్సన్ పట్టుదలే నిలిచింది, అది న్యాయం కూడా.

హెన్సన్ వలలో ఇంకో లోపం ఉంది, అది బయటపడిన తీరు ఒక ముచ్చట. కీల్‌లోనే పనిచేసిన హాన్స్ లోమాన్ అపెండిక్యులేరియన్లు అనే చిన్న జంతుప్లవకాలను గమనించాడు. అవి తమ చుట్టూ జిగురుతో ఒక ఇల్లు కట్టుకుని, ఆ ఇంటి జల్లెడతో నీరు వడగట్టుకుని తింటాయి. లోమాన్ ఆ జల్లెడను సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో పట్టు వలకు ఎన్నడూ చిక్కని అతి చిన్న కణాలు కుప్పలుగా కనిపించాయి. మనిషి నేసిన పట్టు కంటే పురుగు అల్లిన జల్లెడ సన్నం. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో ఆయన చూపించింది ఇదే: సముద్రపు పంటలో ముఖ్యభాగం వల కన్నుల్లోంచి జారిపోతోంది. తర్వాత ఆ పరంపర ఆగలేదు. కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి లెక్కించే ఫ్లో సైటోమీటర్ ఓడ ఎక్కాక 1988లో ప్రోక్లోరోకాకస్ బయటపడింది. మైక్రాను కూడా లేని ఈ కణం ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ఉన్న కిరణజన్య జీవి. అంత జనాభా ఉన్న జీవి శతాబ్దం పాటు లెక్కలోకే రాలేదు, పరికరం దాన్ని చూడలేదు కాబట్టి.

వల ఇప్పటికీ వాడతారు. ఇరవై మైక్రాన్ల కన్ను ఉన్న నైలాన్ వల మూతిలో ప్రవాహమాపకం బిగించి లాగితే ఎంత నీరు వడగట్టిందో తెలుస్తుంది. పాతిక సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వల మూతి వైశాల్యం 0.196 చదరపు మీటర్లు. యాభై మీటర్లు లాగితే దాదాపు 9.8 ఘనపు మీటర్లు, అంటే 9,800 లీటర్లు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. విజృంభణ సమయంలో వల కన్నులు జిగటతో మూసుకుపోతాయి, నీరు లోపలికి పోకుండా పక్కకు తప్పుకుంటుంది. ప్లవకాలు ఎక్కువగా ఉన్నప్పుడే వల తక్కువ చెబుతుందన్నమాట. కాబట్టి ఏయే జాతులున్నాయో, అరుదైనవేవో చూడటానికి వల మంచిది. 'ఎన్ని' అన్న ప్రశ్నకు సీసాయే దిక్కు.

ఫైబరు పడవ మీద ఆ పని ఎలా జరుగుతుందో చూస్తే సీసా ఎందుకు నయమో తెలుస్తుంది. నిస్కిన్ సీసా అంటే రెండు చివరలా మూతలున్న ప్లాస్టిక్ గొట్టం. మూతలు తెరిచి తాడుతో కావలసిన లోతుకు దింపుతారు. నీరు లోపలి నుంచి స్వేచ్ఛగా పోతూ ఉంటుంది. తర్వాత ఇత్తడి బరువును తాడు వెంట జారవిడుస్తారు. తాడు పట్టుకున్న చేతికి కింద 'టక్' మని తగులుతుంది, రెండు మూతలూ ఒకేసారి పడతాయి. ఆ లోతు నీరు ఆ లోతు నీరుగానే పైకి వస్తుంది. తాడు నిలువుగా లేకపోతే లోతు తప్పు. ప్రవాహానికి తాడు వాలి, పది మీటర్లు వదిలామనుకున్నది ఎనిమిదే కావచ్చు. పడవ ఇంజను వదిలే నూనె తెట్టు వైపు కాకుండా రెండో వైపు దింపాలి. ఇలాంటివి పడవ నడిపే మనిషికి చెప్పకుండానే తెలుస్తాయి. కొత్తగా వచ్చిన పరిశోధక విద్యార్థికే చెప్పాలి.

పైకొచ్చిన నీటిని పొడుగు సిలిండరులో వదిలేస్తే బతికి ఉన్నవి ఒకదాన్నొకటి తింటాయి, పగులుతాయి, కుళ్లుతాయి. అందుకని వెంటనే లూగోల్ ద్రావణం వేస్తారు. అయొడిన్ ఒక వంతు, పొటాషియం అయొడైడ్ రెండు వంతులు నీటిలో కలిపింది. ఫ్రెంచి వైద్యుడు జాన్ లూగోల్ 1829లో క్షయరోగుల కోసం తయారుచేశాడు. క్షయ తగ్గలేదు గానీ సముద్రశాస్త్రానికి శాశ్వతంగా పనికొచ్చింది. వంద మిల్లీలీటర్ల నమూనాకు ఒక మిల్లీలీటరు లోపే చాలు. నీటి రంగు పల్చటి డికాక్షన్ టీలా మారాలి. అంతకంటే లేతగా ఉంటే కొద్ది రోజులకే అయొడిన్ ఆవిరై నమూనా చెడుతుంది, ముదిరితే కణాలు నల్లబడి పోల్చడం కష్టమవుతుంది. చెన్నై ఎండలో తెల్ల సీసా వాడటం పొరపాటు, వెలుతురు అయొడిన్‌ను తినేస్తుంది. ముదురు గోధుమరంగు సీసా, మంచు పెట్టె, రేవు నుంచి ప్రయోగశాల దాకా ఉదయం పది గంటల ట్రాఫిక్. ఫార్మలిన్ కూడా వాడతారు, చౌక, నిల్వ ఎక్కువ. కానీ కశాభాలు (ఈదడానికి వాడే కొరడా తోకలు) ఉన్న మెత్తటి కణాలను చితక్కొడుతుంది. లూగోల్‌కూ ఒక తప్పుంది. అందులో ఎసిటిక్ ఆమ్లం కలిపితే సున్నపు పెంకున్న కాకోలితోఫోర్ల పెంకు కరిగిపోతుంది. ఏ మందు వేసినా ఎవరో ఒకరు చస్తూ ఆనవాళ్లు కూడా మిగల్చకుండా పోతారు. కాబట్టి ఏ మందు వేశారో లెక్క పక్కనే రాయాలి.

ప్రయోగశాలలో లీటరు నమూనాను కదపకుండా ఉంచి, అడుగున దిగిన కణాలను పది మిల్లీలీటర్లకు కుదిస్తారు. పైనున్న తేట నీటిని సన్నని గొట్టంతో మెల్లగా తోడేస్తారు. ఆ పది మిల్లీలీటర్లను బాగా కలిపి ఒక మిల్లీలీటరు సెడ్జ్‌విక్ రాఫ్టర్ గాజుపలక మీద పోస్తారు. ఇది యాభై మిల్లీమీటర్ల పొడవు, ఇరవై వెడల్పు, ఒక మిల్లీమీటరు లోతు ఉన్న పళ్లెం. అడుగున గీతలతో వెయ్యి గళ్లు ఉంటాయి, ఒక్కో గడిలో ఒక మైక్రోలీటరు. వెయ్యి గళ్లూ వెతికితే 237 కణాలు దొరికాయనుకుందాం. పది మిల్లీలీటర్లలో 2,370. అవన్నీ లీటరు నీటిలోవి కాబట్టి లీటరుకు 2,370 కణాలు. గుణకారం ఇంతే. కష్టమంతా ఆ 237 దగ్గర ఉంది.

మొదటి కష్టం, లోతు ఒక మిల్లీమీటరు ఉండటం వల్ల బాగా పెద్దది చేసి చూపే కటకాన్ని దగ్గరికి తేలేరు. పది మైక్రాన్ల లోపువి చుక్కల్లా కనిపించి జారిపోతాయి. దీనికి మందుగా జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఊటర్‌మోల్ 1931లో సూక్ష్మదర్శినిని తలకిందులు చేశాడు. నమూనాను గాజు అడుగున్న గదిలో పోసి, పైన సిలిండరు నిలబెట్టి, కణాలన్నీ అడుక్కి దిగేదాకా ఆగుతారు. సిలిండరు ఎత్తును బట్టి ఒక పగలూ రాత్రీ, పెద్దదైతే ఇంకా ఎక్కువ. తర్వాత కటకం అడుగు నుంచే చూస్తుంది. ఈనాటికీ ప్రమాణంగా నిలిచిన పద్ధతి ఇదే.

రెండో కష్టం యాదృచ్ఛికత. లెక్కపెట్టిన కణాలు ఎన్నో దాని వర్గమూలంతో రెండును భాగిస్తే పొరపాటు హద్దు సుమారుగా వస్తుంది. వంద కణాలు లెక్కపెడితే ఇరవై శాతం అటూ ఇటూ, నాలుగు వందలు లెక్కపెడితే పది శాతం. పొరపాటును సగం చేయాలంటే పని నాలుగింతలు. పై 237కు పదమూడు శాతం హద్దు వస్తుంది. అంటే 2,370 అని నాలుగంకెల ఖచ్చితత్వంతో అచ్చువేయడం నటన. రెండువేల పైచిలుకు, రెండువేల ఏడు వందల లోపు అనడమే నిజాయితీ. ఇది ఆ ఒక్క సీసా లోపలి పొరపాటు మాత్రమే. పక్క సీసాకూ దీనికీ ఉన్న తేడా ఇందులో కలవలేదు. ఆరు కణాలు చూసి ఒక జాతి 'సమృద్ధిగా ఉంది' అనే నివేదికలను చదివేటప్పుడు ఈ వర్గమూలాన్ని గుర్తుచేసుకోవాలి.

మూడో కష్టం కన్ను. స్కెలెటోనీమా, కీటోసెరోస్ అనే డయాటమ్‌లు గొలుసులుగా పెరుగుతాయి. గొలుసును ఒకటిగా లెక్కించాలా, పూసపూసా లెక్కించాలా? పూసలే లెక్కించాలి. ఖాళీ గాజుపెంకులను లెక్కించకూడదు, అవి నిరుడు చచ్చినవీ కావచ్చు. జాతిని గుర్తుపట్టడానికి ఏళ్ల సాధన కావాలి, ఆ సాధన ఈ తీరంలో కొత్తదేమీ కాదు. ఆర్. సుబ్రహ్మణ్యన్ 1946లో మద్రాసు తీరపు ప్లవక డయాటమ్‌లను జాతుల వారీగా, బొమ్మలతో సహా వర్ణించి ప్రచురించారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి డి. వి. సుబ్బారావు వాల్తేరు తీరంలో ఆస్టెరియొనెల్లా అనే డయాటమ్ విజృంభించి నీటి రంగు మార్చిన ఉదంతాన్ని 1969లో ప్రపంచానికి చెప్పారు. ఆ రోజుల బొమ్మలు ఇప్పటికీ గుర్తింపుకు పనికొస్తాయి. ఇప్పుడు యంత్రాలకు చూపు నేర్పుతున్నారు. వాటికి నేర్పడానికైనా ముందు ఒక మనిషి కూర్చుని వేల బొమ్మలకు పేర్లు రాయాలి. అలా కూర్చునేవారు తగ్గిపోవడమే అసలు కొరత. కొత్త పరికరానికి దొరికినంత సులువుగా సూక్ష్మదర్శిని ముందు కూర్చునే మనిషికి జీతం దొరకదు.

నాలుగోది విచిత్రమైన కష్టం. ఈ పద్ధతి అంతా కణాలు కిందికి దిగుతాయన్న నమ్మకం మీద నిలబడింది. ట్రైకోడెస్మియమ్ తంతువుల్లో గాలి బుడగలుంటాయి, అవి తేలుతాయి. బతికున్న నాక్టిల్యూకా కూడా తన ద్రవంలో అమోనియం నింపుకుని తేలికై పైకే వస్తుంది. జాగ్రత్త లేనిచోట, తోడి పారబోసే పై తేటనీటితో పాటు వార్తల్లోకెక్కిన ప్లవకమే సింకులోకి పోవచ్చు.

లెక్కపెట్టే ఓపిక లేనప్పుడు, లేదా వందల నమూనాలున్నప్పుడు పత్రహరితాన్ని కొలుస్తారు. కణాలన్నిటిలో ఉండే క్లోరోఫిల్-ఎ ఎంతో చూస్తే పంట ఎంతో అంచనా కట్టొచ్చన్నది ఆలోచన. లీటరు నీటిని 0.7 మైక్రాన్ల గాజునార వడపోత కాగితం గుండా, మసక వెలుతురులో, తక్కువ పీడనంతో లాగుతారు. ఆకుపచ్చ మరకపడ్డ ఆ బిళ్లను తొంభై శాతం ఎసిటోన్‌లో వేసి, చీకట్లో, ఫ్రిజ్‌లో ఒక రాత్రి నానబెడతారు. పాలిస్టైరీన్ గొట్టంలో నానబెడితే తెల్లారేసరికి గొట్టమే కరిగి ఉంటుంది, ప్రతి ప్రయోగశాలలోనూ ఎవరో ఒకరు ఒక్కసారైనా చేసే తప్పు ఇది. మర్నాడు ఆ ఆకుపచ్చ ద్రావణంలోంచి కాంతిని పంపి 664, 647, 630 నానోమీటర్ల దగ్గర ఎంత మింగిందో చదువుతారు. జెఫ్రీ, హంఫ్రీ 1975లో ఇచ్చిన సమీకరణంలో మొదటిదాన్ని 11.85తో గుణించి, రెండోదాన్ని 1.54తో, మూడోదాన్ని 0.08తో గుణించి తీసివేస్తే మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో వస్తుంది. అక్కడి నుంచి లీటరు సముద్రపు నీటికి మార్చుకోవడం త్రైరాశికం.

ఈ పద్ధతి వేగమైనది, చౌక, ప్రపంచమంతా ఒకేలా చేస్తుంది. అయినా పత్రహరితం పంట కాదు. నీడలో పెరిగిన కణం వెలుతురు కోసం ఎక్కువ పత్రహరితం తయారు చేసుకుంటుంది, ఎండలోది తక్కువ. కణాల సంఖ్య మారకుండానే అంకె మారుతుంది. చచ్చిన కణాల పాచిపోయిన పత్రహరితం కూడా లెక్కలో కలిసిపోతుంది. దాన్ని విడదీయడానికి ఆమ్లం చుక్క వేసి రెండోసారి కొలవాలి. నీటిలోనే ముంచి, పత్రహరితం మింగిన కాంతిలో తిరిగి వెలువరించే వెలుగును (ప్రతిదీప్తిని) కొలిచే పరికరాలకు ఇంకో వింత జబ్బుంది. నడిమధ్యాహ్నపు తీవ్ర కాంతిలో కణాలు తమను కాపాడుకోవడానికి ప్రతిదీప్తిని తగ్గించుకుంటాయి. పరికరం మాత్రం ప్లవకాలు మధ్యాహ్నం మాయమై సాయంత్రం తిరిగొచ్చాయని చెబుతుంది.

రంగులను వేరుచేసే హెచ్.పి.ఎల్.సి. యంత్రం ఈ లోటును కొంత తీరుస్తుంది. ఫ్యూకోజాంతిన్ అనే రంగు ఎక్కువైతే ముఖ్యంగా డయాటమ్‌లని, పెరిడినిన్ ఉంటే కశాభాలున్న డైనోఫ్లాజెల్లేట్లని, జియాజాంతిన్ ఉంటే నీలి ఆకుపచ్చ బాక్టీరియాలని గుంపుల వాటా చెబుతుంది. పేర్లు చెప్పదు.

ఇన్ని సీసాలు, ఇంత అవస్థ ఎందుకు, ఆకాశం నుంచి చూస్తే పోదా అన్న ప్రశ్న సహజం. చెన్నై వాళ్లకు అది ఇంకా సహజం, ఉత్తరాన పులికాట్ సరస్సుకు అవతలి గట్టున శ్రీహరికోట ఉంది కదా. సముద్రపు రంగు చూసే కెమెరాను మోసుకుని ఓషన్‌శాట్-1 అక్కడి నుంచే 1999 మే 26న ఎగిరింది. రెండోది 2009లో, మూడోది ఎనిమిది రంగుపట్టీలను పదమూడుకు పెంచుకుని 2022 నవంబరు 26న వెళ్లింది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాల నుంచి అందిన పత్రహరితం, నీటి ఉష్ణోగ్రత సమాచారంతో చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది, తెలుగులో కూడా. మత్స్యకారుడికి అది డీజిలు ఖర్చు తగ్గించే సమాచారం, అందులో వాదన లేదు.

లోతు సముద్రంలో ఉపగ్రహం చెప్పేది చాలావరకు నమ్మొచ్చు, అక్కడ నీటి రంగు మార్చేది ముఖ్యంగా ప్లవకాలే. తీరం దగ్గర బురద, ఆకులు కుళ్లిన కషాయపు రంగు, అలలు లేపిన ఇసుక, ఇవన్నీ కూడా నీలాన్ని మింగుతాయి. కూవం మొగ ముందు ఉపగ్రహం చూసిన 'పత్రహరితం'లో ఎంత పచ్చదనమో ఎంత మురుగో కేవలం రంగును బట్టి విడదీయడం కష్టం. కణాలు పైపొరలో కాక లోతున గుమికూడితే అసలు కనిపించవు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో నదులు పొంగి ప్లవకాల కథ రసవత్తరంగా నడుస్తుంటే ఆకాశమంతా మబ్బే. చివరికి ఉపగ్రహపు అంకె సరైనదో కాదో తేల్చడానికి కూడా పడవ మీద తీసిన సీసాయే సాక్షి.

పద్ధతులు కలగలిస్తే ఏమవుతుందో చెప్పే పెద్ద ఉదాహరణ 2010 జులైలో వచ్చింది. కెనడాకు చెందిన డేనియల్ బాయిస్, మార్లన్ లూయిస్, బోరిస్ వార్మ్ 1899 నుంచి ఉన్న కొలతలను కూడదీసి, ప్రపంచ సముద్రాల్లో వృక్షప్లవకాలు ఏటా దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతున్నాయని నేచర్ పత్రికలో ప్రకటించారు. గుండె గుభేలుమనే వార్త. అయితే ఆ పాత కొలతల్లో ఎక్కువ భాగం సెకీ పళ్లెం నుంచి వచ్చినవి. తెల్లటి గుండ్రటి పళ్లెం తాడుతో దింపి, ఏ లోతున కంటికి కనిపించకుండా పోయిందో రాసుకునే పద్ధతి అది. 1865లో ఇటలీ పాద్రి ఏంజెలో సెకీ పోప్‌గారి ఓడ మీద నుంచి పరీక్షించాడు. తర్వాతి దశాబ్దాల కొలతల్లో రసాయన పద్ధతిలో తీసిన పత్రహరితం వాటా పెరిగింది. 2011లో అదే పత్రికలో మూడు బృందాలు అభ్యంతరం చెప్పాయి. పళ్లెం లెక్కకూ ఎసిటోన్ లెక్కకూ మధ్య చిన్న వ్యత్యాసం ఉన్నా, ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరుగుతూ వచ్చిన వరసలో ఆ వ్యత్యాసమే 'తగ్గుదల'గా కనిపించగలదని వాదించాయి. ఉత్తర అట్లాంటిక్‌లో 1931 నుంచి వాణిజ్య ఓడల వెనక ఒకే రకం పెట్టె, ఒకే రకం పట్టు గుడ్డ లాగుతూ వచ్చిన సర్వేలో పచ్చదనం పెరిగినట్టు కనిపించింది మరి. మొరటు పట్టు గుడ్డే అది. 270 మైక్రాన్ల కన్ను, చిన్న కణాలెన్నో జారిపోతాయి. కానీ దశాబ్దాల పాటు అదే కన్ను. దాని తప్పు ఎప్పుడూ ఒకే తప్పు, కాబట్టి ఈ ఏటిని నిరుటితో పోల్చవచ్చు.

చెన్నైకి ఇది తీరిక కబురు కాదు. మీంజూరు దగ్గర 2010లో, నెమ్మేలిలో 2013లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చడం మొదలైంది. నెమ్మేలిలో రోజుకు 15 కోట్ల లీటర్ల రెండో కర్మాగారం 2024 ఫిబ్రవరిలో తోడైంది. సన్నని పొరలతో ఉప్పు వడగట్టే ఈ పద్ధతికి విజృంభణలో వచ్చే జిగట శత్రువు. 2008-09లో అరేబియా ద్వీపకల్పం చుట్టూ ప్లవకాల విజృంభణతో ఎర్రనీరు పోటెత్తినప్పుడు అక్కడి నిర్లవణీకరణ కర్మాగారాలు కొన్ని ఆగిపోయాయి. నీటిని తోడే చోట పక్షానికొక సీసా, ఒకే లోతు, ఒకే మందు, ఒకే లెక్కింపు, పదేళ్లు. ఏటా కొత్త పరికరం కొనే ఊళ్లో కన్నా ఇలాంటి విసుగుపుట్టించే వరస ఉన్న ఊళ్లోనే 'ఎక్కువైంది' అన్న మాటకు అర్థం ఉంటుంది.

అంతటి వరస ఉన్నా నాక్టిల్యూకాకు వేరే సీసా కావాలి. మెరిసిన రాత్రి అలలు విరిగే చోట ముంచితే నురగ, ఇసుక ఎక్కువ వస్తాయి. అల విరగకముందు, మోకాలి లోతు దాటాక, పైనీటిని వెడల్పు మూతి పాత్రతో తీయాలి. లూగోల్ వేయకుండా బతికుండగానే గంటల్లో చూడాలి, మందు పడితే దాని పల్చటి తొడుగు ముడుచుకుపోతుంది. కుదించనక్కర్లేదు, దించనక్కర్లేదు. నమూనాను నల్లని పళ్లెంలో పోసి తక్కువ వృద్ధి ఉన్న కటకం కింద పెడితే ఒక్కొక్కటీ సగ్గుబియ్యపు గింజలా తేటగా, తోకతో సహా కనిపిస్తుంది. లీటరులో ఉన్నవన్నీ లెక్కపెట్టి, సీసా మీద తేదీ, గంట, పోటా పాటా, గాలి ఎటు వీస్తోంది, ఒడ్డుకు ఎంత దూరం అన్నవి రాస్తే సరిపోతుంది. 2019 ఆగస్టులోనూ 2024 అక్టోబరులోనూ ఒకే విధంగా ముంచిన అలాంటి సీసాలు రెండుంటే, ఏ రాత్రి ఎక్కువ మెరిసిందన్న ప్రశ్నకు వీడియోలు వెతకనక్కర్లేదు.